పరదేశం వచ్చాక మన మెట్టనేల వేరుగా కనిపించడం గురించి ఒక సందేహం

ప్రశ్న
రాసినవారు: హగరి ఒడ్డు (ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్)

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో రాయదుర్గం వైపు, హగరి నదికి దగ్గరలో ఉన్న ఒక చిన్న గ్రామం. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చాక మా నేలను నేను చూసే తీరు మారింది. ఆ మార్పును ఎంతవరకు నమ్మవచ్చో తెలియక అడుగుతున్నాను. దీని వెనుక ఇంట్లో తేల్చుకోవలసిన ఒక వ్యవహారం కూడా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా వైపు వారికి తెలిసిన సంగతే: ఒక ఊరు దాటితే మరో ఊరు వచ్చేదాకా మెట్టచేలు, బీళ్లు, గుట్టలు, ఎండిన వంకలు తప్ప మనిషి అలికిడి ఉండదు. కోస్తా నుంచి వచ్చిన బంధువులు బస్సు దిగుతూనే "ఇంత భూమి ఊరకే పడి ఉందేమిటి" అనేవారు, మేమూ అదేదో మా లోపమైనట్టు తలవంచుకునేవాళ్లం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, జనం 40.8 లక్షలు; అంటే చదరపు కిలోమీటరుకు 213 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రపు సగటు 308, దేశపు సగటు 382. నెదర్లాండ్స్‌లో నీటి భాగాన్ని తీసివేసి లెక్కిస్తే ఆ సంఖ్య 500 దాటుతుంది.

ఈ దేశంలో ఎంత దూరం ప్రయాణించినా, ఎవరో ఒకరు ముందుగా గీతగీసి నిర్ణయించని జాగా కంటబడదు. పొలం అంచున కాలువ, కాలువ పక్కన సైకిలు దారి, దాని పక్కన ఒకే వరుసలో నాటిన చెట్లు, అవి అయిపోకముందే మరో ఊరి పేరు. సముద్రగర్భాన్ని ఆరబెట్టి తయారుచేసిన ఫ్లేవోలాండ్ 1986లో ఏకంగా ఒక ప్రావిన్సు అయింది. ఆ ప్రావిన్సులోనే పరిశ్రమల కోసమని ఉంచిన తడినేల ఒకటి కొన్నాళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే పక్షులు చేరి, ఓస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే రక్షిత ప్రాంతమైంది. సుమారు 56 చదరపు కిలోమీటర్ల ఆ చోటులోకి అడవి గుర్రాల వంటి వాటిని, పశువులను, ఎర్రజింకలను వదిలారు. వేటాడే మృగాలు లేవు, చుట్టూ కంచె. 2017-18 చలికాలంలో మేత చాలక వాటిలో వేల సంఖ్యలో చనిపోయాయి, ఆకలితో మాడకూడదని అధికారులు కాల్చినవి వాటిలో ఎక్కువ. కడుపు రగిలిన జనం కంచె మీదుగా ఎండుగడ్డి విసిరారు. ఖాళీ జాగా కావాలనుకున్నా ఇక్కడ దాన్ని కూడా కంచె కట్టి, లెక్క రాసి నడపవలసి వస్తోంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేలువ ప్రాంతంలోని ఇసుక. కోట్‌వైక్ అనే ఊరి దగ్గర గాలికి కదిలే ఇసుక మేట సుమారు 700 హెక్టార్ల మేర ఉంది. పూర్వం గొర్రెలు అతిగా మేయడం వల్ల, పైపొర మట్టిని గడ్డితో సహా పెళ్లగించి ఎరువుకు తీసుకుపోవడం వల్ల ఈ ఇసుక లేచింది. దాని కింద పడిన పాత ఊరి ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి దాన్ని అణచడానికి పైన్ చెట్లు విస్తారంగా నాటారు. ఇప్పుడేమో ఆ చెట్లనే కొన్నిచోట్ల కొట్టివేస్తున్నారు. ఇసుక గాలికి కదలకపోతే అక్కడ మాత్రమే బతికే నాచులు, పురుగులు, పక్షులు పోతాయట. జనం సెలవు రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఆ ఇసుకలో నడుస్తారు. మా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో హగరి ఇసుక గాలికి లేచి చేలమీద మేట వేస్తుంది. దర్గాహొన్నూరు దిబ్బలను ఎడారి విస్తరణకు నిదర్శనంగా పత్రికలు ఎన్నోసార్లు చూపించాయి. అటవీశాఖ అక్కడ ఇసుకను ఆపడానికి చెట్లు నాటుతుంది.

ఇక అసలు విషయం. మాకున్న మెట్టభూమిని సౌరవిద్యుత్తు కోసం దీర్ఘకాలపు కౌలుకు ఇవ్వమని ఒక సంస్థ తరఫున మనుషులు వచ్చి మా నాన్నగారిని అడుగుతున్నారు. ఆయనకు ఇవ్వాలని ఉంది. వేరుశనగ మీద చాలా ఏళ్లుగా చేతికి వచ్చిందేమీ లేదు. నాకు మాత్రం ఆ మెట్ట అలాగే తెరిపిగా ఉండాలనిపిస్తోంది. ఈ కోరికకు నేలతో నిజంగా సంబంధం ఉందా, లేక ఇరుకైన దేశంలో ఉంటూ విశాలతకు ముఖం వాచిన ప్రవాసి మురిపెమా? అనుభవజ్ఞులు నిర్మొహమాటంగా చెప్పగలరు.


సమాధానం
రాసినవారు: తూముకాడి మనిషి (కదిరి)

హగరి ఒడ్డు గారికి నమస్కారం. చెరువుల మరమ్మతుల శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మురిపెమా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి. అయితే మీరిచ్చిన 213 అనే అంకెను మరోవైపు నుంచి చూడమని కోరుతున్నాను.

జైసల్మేరు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 17 మంది. అక్కడ కురిసే వాన ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపు. మన జిల్లా సగటు సుమారు 550. వాన సుమారు మూడింతలైతే జనం పన్నెండింతలున్నారు. డెల్టాతో పోల్చి మనది పలుచని నేల అనుకుంటున్నాం గానీ, ఆ డెల్టా జనసాంద్రతకు వెనుక 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు ఉన్నాయి. ఎక్కడో పడిన వాన అక్కడికి నడిచి వస్తుంది. తన మీద పడిన వానతో మాత్రమే బతకవలసిన నేల ఎందరిని మోయగలదో, అంతకంటే ఎక్కువమందినే మన నేల మోస్తోంది. కంటికి ఖాళీగా కనిపించే ఈ ప్రాంతం నిజానికి నిండిపోయిన ప్రాంతమని నా అభిప్రాయం.

ఈ మాట చెరువు దగ్గర నిలబడితే తేలికగా అర్థమవుతుంది. బుక్కపట్నం చెరువు గానీ, మీ కణేకల్లు చెరువు గానీ, పేరులేని చిన్న కుంట గానీ, దాని కింద పారే ఆయకట్టు కంటే దానిలోకి నీరు దించే పైనేల ఎన్నో రెట్లు పెద్దది. (కణేకల్లుకు ఇప్పుడు తుంగభద్ర ఎగువ కాలువ నీరు వస్తోంది గనుక దాని లెక్క కొంత మారింది.) ఆ పైనేలే మీరు బస్సులోంచి చూసిన బీడు, గుట్ట, వంక. అక్కడ పంట లేదు, ఇల్లు లేదు, కానీ వాన పడిన పూట ఆ నేలంతా పనిచేస్తుంది. గుట్ట కింద వంకకు అడ్డంగా ఒక రోడ్డు వేసి తూములు సరిగా పెట్టకపోతే, పది కిలోమీటర్ల దిగువన చెరువు నిండదు. మా ఉద్యోగంలో ఇలాంటి తగాదాలే ఎక్కువ. "ఆ పక్కన ఏమీ లేదు కదా సార్" అని గుత్తేదారు అనేవాడు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించారు. నీరు కొద్దిగా ఉండి భూమి మరీ ఎక్కువ కావడం ఒక దోషమైతే, నీరు ఎక్కువై భూమి చాలకపోవడం మరో దోషం. నేల విశాలతను నీటితో జతచేసి తూచిన ఆ చూపు తరువాతి రెవెన్యూ లెక్కల్లో పలుచబడింది. 1800లో మన ప్రాంతమున్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరు మన్రో సర్వే చేయించాడు, పొలం పొలం కొలిపించాడు. ఆ పని గొప్పదే. కానీ శిస్తు కట్టే చేనుకు ఉన్న విలువ, శిస్తు రాని మేతబీడుకు రికార్డులో రాలేదు. నేటికీ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం సహకారంతో తయారయ్యే దేశపు బంజరు భూముల పటాల్లో పొదలున్న నేల, రాతినేల వంటివి ఒక వర్గంగా ఉంటాయి. సౌర ఫలకాలకు, గాలిమరలకు జాగా వెతికేవారు ముందుగా చూసేది ఈ వర్గాన్నే.

కాబట్టి మీ నాన్నగారి ముందున్న ప్రశ్నకు వస్తాను. మా పక్కనే ఎన్.పి.కుంట సౌర పార్కు ఉంది. సరిహద్దు అవతల, తెలుగువారు దండిగా ఉన్న పావగడ తాలూకాలో తిరుమణి పరిసరాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది. అక్కడ రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి అయిదు శాతం పెంచే ఒప్పందం. వరుస కరువులు చూసిన రైతుకు అది చిన్న మొత్తం కాదు, దాన్ని ఆశించినందుకు ఎవరినీ తప్పుపట్టలేము. నష్టపోయినవారు వేరే ఉన్నారు: భూమి లేక కూలికి వెళ్లేవారు, గొర్రెలు మేపేవారు. సాగు ఆగిన చేలు, బీళ్లు కంచెలోకి పోగానే మందలకు దారి, మేత రెండూ పోయాయి. మన వైపు కురుబలు మందలను ఊరూరా తోలుకుని వచ్చి చేలల్లో నిలిపితే రైతు ఎరువు కోసం వారికి గింజలో డబ్బులో ఇచ్చేవాడు. ఆ లావాదేవీ నడిచే చోటు కౌలు పత్రంలో ఎక్కడా కనబడదు.


సమాధానం
రాసినవారు: మంచుమెట్ట (రెజీనా, కెనడా)

ఇద్దరి మాటలూ చదివాను. మాది పత్తికొండ వైపు. నేనుండే సస్కాచివన్ రాష్ట్రం విస్తీర్ణం ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, 2021లో జనం 11.3 లక్షలు. చదరపు కిలోమీటరుకు ఇద్దరు కూడా పూర్తిగా లేరు. హగరి ఒడ్డు గారు ఇరుకు దేశానికి వెళ్లి ఊరి విశాలతను తలచుకుంటున్నారు. నాకు జరిగింది దానికి ఎదురు: నిజంగా జనం లేని చోటికి వచ్చాక, మా పత్తికొండ ఎంత నిండుగా ఉండేదో అర్థమైంది.

ఇక్కడి ఖాళీకి ఒక ప్రణాళిక ఉంది. 1872 నాటి భూచట్టం కింద నేలనంతా మైలు చదరాలుగా కొలిచి, పది డాలర్ల రుసుముకు 160 ఎకరాల చొప్పున వలస రైతులకు ఇచ్చారు. భూమి దక్కాలంటే అందులోనే ఇల్లు కట్టుకుని కాపురం ఉండాలి. అందువల్ల ఎవరి చేను మధ్యలో వారు ఒంటరిగా బతికారు. మనవాళ్లు అలా బతకలేదు. ఎంత మెట్ట అయినా ఇళ్లన్నీ ఒకచోట గుంపుగా కట్టుకుని, పొద్దున్నే సద్ది కట్టుకుని చేనికి వెళ్లి, చీకటి పడేసరికి ఊళ్లోకి తిరిగి వస్తారు. పగలు మైదానమంతా పలుచగా పరచుకున్న మనుషులు రాత్రికి రచ్చకట్ట చుట్టూ చేరతారు. మన దగ్గర ఊరికీ ఊరికీ నడుమ ఉన్న ఎడం, ఊరిలోపల ఉన్న కిక్కిరిసిన తనం ఒకదానితో ఒకటి ముడిపడినవని నాకు ఇక్కడికి వచ్చాకే తోచింది. చిన్నప్పుడు నాకు ఆ ఎడం విసుగు, ఆ కిక్కిరిసిన తనం అంతకు మించిన విసుగు.

ఇక్కడి ఊళ్లు ఎలా పోయాయో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 1931లో ఈ రాష్ట్రం జనాభాలో కెనడాలో మూడవది, 9.2 లక్షల మందితో. 1936లో సుమారు 1,42,000 కమతాలుండేవి. 2021 నాటికి అవి 34,000 పైచిలుకుకు దిగాయి, సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. నేల బీడు పడలేదు, పంట తగ్గలేదు. పెద్ద యంత్రాలు వచ్చి మనుషుల అవసరం తీరింది. రైలు పట్టాల పక్కన ధాన్యం నిలవచేసే పొడవాటి కొయ్య గిడ్డంగులు ఊరికొకటి ఉండేవి, వాటిలో అధికభాగం కూల్చేశారు, వాటితోపాటే బడి, అంగడి, చర్చి మూతపడ్డాయి. ఎండాకాలం చివర గోధుమచేల మధ్య కారు ఆపి నిలబడితే అందం కాదనలేం, కానీ పలకరించడానికి మనిషి ఉండడు. సౌర ఫలకాలు వచ్చిన నేలలో కూడా ఇలాంటిదే జరుగుతుందేమో ఆలోచించండి. ఆదాయం ఉంటుంది, మనిషికి అక్కడ పని ఉండదు.

విషయానికి కొంచెం పక్కగా ఒక మాట. ఈ నేల 1872కు ముందు కూడా ఖాళీ కాదు. అడవిదున్నల మందల మీద బతికిన క్రీ మొదలైన జాతుల వారితో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుంది. ఆరవ ఒప్పందం 1876 నాటిది, అందులో కరువు వస్తే ఆదుకోవాలన్న షరతును ఆ జాతుల పెద్దలు పట్టుబట్టి పెట్టించారు. అదే ఏడాది మన వైపు ధాత కరువు మొదలైంది. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో 1871 లెక్కల కంటే 1881 లెక్కల్లో జనం తగ్గిపోయారు. మన నేల పలుచదనంలో కొంత భాగం అక్కడి నుంచి వచ్చిందని మరచిపోకూడదు.


సమాధానం
రాసినవారు: పడమటి గాలి (బెంగళూరు)

మాది మడకశిర. నేను పరదేశం వెళ్లలేదు, బెంగళూరు దాకానే వచ్చాను, కాబట్టి ఈ చర్చలో నాకు అర్హత ఉందో లేదో తెలియదు. ఒక్క మాట మాత్రం చెప్పాలని ఉంది. విశాలత గురించి ఇక్కడ రాసినవారిలో ఒక్కరు తప్ప అందరూ దాన్ని విడిచి వెళ్లినవారే. ఆ ఎడమే మా అక్కకు నొప్పులు వచ్చిన రాత్రి ఆస్పత్రికి చేరడానికి పట్టిన సమయం. ఎనిమిదో తరగతి తరువాత మా ఊరి ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి కారణం కూడా అదే. నేల పనిచేస్తుందన్న కదిరి పెద్దాయన మాట నిజమే, కాదనను. ఆ పనికి కూలి ఎవరు ఇస్తారు? మీ నాన్నగారు ఆ కౌలు డబ్బును కూలిగా అనుకుంటున్నారేమో, ఒకసారి అడిగి చూడండి.


సమాధానం
రాసినవారు: కడెం వాగు (మెల్‌బోర్న్)

పడమటి గాలి గారు అన్నది పూర్తిగా న్యాయం. దానికి ఎదురు చెప్పడానికి కాదు, ఇంతవరకు చర్చలోకి రాని ఒక కోణం కోసం రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది మంచిర్యాల దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారం అన్నిటికంటే పలుచని జిల్లా అనంతపురం కాదు, మా ఆదిలాబాదు: చదరపు కిలోమీటరుకు 170 మంది. 2016లో దాన్ని నాలుగు జిల్లాలు చేశారు. మా తాతగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చి అక్కడ భూమి చేసుకున్నారు. ఇంట్లో ఆ కథ ఎప్పుడు చెప్పినా "అప్పట్లో అక్కడ ఎవరూ ఉండేవారు కాదు, అంతా అడవే" అని మొదలయ్యేది. నేనూ అలాగే నమ్మాను.

ఆస్ట్రేలియా వచ్చాక ఆ వాక్యం మరో చోట వినిపించింది. బ్రిటిషువారు ఈ ఖండాన్ని ఎవరికీ చెందని నేలగా భావించి ఆక్రమించారు. టోరెస్ జలసంధి ద్వీపవాసి ఎడ్డీ మాబో, ఆయన తోటివారు వేసిన దావాలో 1992లో ఇక్కడి హైకోర్టు, అంటే ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం, ఆ భావనను కొట్టివేసి ఆదివాసుల భూమిహక్కును గుర్తించింది. ఇక్కడ బడి పిల్లలకు కూడా తెలిసిన తీర్పు ఇది. మా పిల్ల పాఠం చదువుతూ అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతున్నప్పుడు నాకు మా తాతగారి వాక్యం గుర్తుకొచ్చింది.

మా అడవిలో గోండులు, కొలాములు, నాయకపోళ్లు ఉండేవారు. అడవిలో వారు చేసుకున్న పోడు మీద, పశువుల మేత మీద నిజాం అటవీశాఖ ఆంక్షలు పెట్టినందుకే కొమురం భీం తిరగబడ్డాడు, 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలు వదిలాడు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం ఆహ్వానం మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని, వారి చేతుల నుంచి భూమి జారిపోతున్న తీరును రాశాడు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959లో తెచ్చిన నిబంధనను 1970లో మరింత కఠినం చేయవలసి వచ్చిందంటే, ఆ జారుడు ఎంత వేగంగా సాగిందో ఊహించవచ్చు.

అందుచేత హగరి ఒడ్డు గారూ, మీ మెట్టను తెరిపిగా ఉంచాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, ఆ తెరిపి ఇప్పటిదాకా ఎవరెవరికి దారి, ఎవరికి మేత, ఎవరికి కట్టెపుల్ల అన్నది ముందుగా కనుక్కోండి. పట్టా మీ నాన్నగారి పేరు మీదే ఉంటుంది, అందులో సందేహం లేదు. కదిరి పెద్దాయన చెప్పిన మందల దారి మీ చేను మీదుగా పోతోందేమో మీకు ఐండ్‌హోవెన్ నుంచి తెలియదు.


ప్రశ్న వేసినవారి ప్రతిస్పందన
రాసినవారు: హగరి ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. పడమటి గాలి గారు చెప్పినట్టు నాన్నగారితో మాట్లాడాను. ఆయన నాకంటే స్పష్టంగా ఉన్నారు. మాకున్నది రెండు చోట్ల ఉంది. ఊరికి దగ్గరగా ఉన్న ముక్కలో నల్లరేగడి కలిసి ఉంది, వాన పదునైతే శనగ పండుతుంది. గుట్ట వైపు ఉన్నది రాళ్ల నేల, అందులో చాలాకాలంగా విత్తనం పడలేదు. సంస్థ వారు రెండూ కలిపి అడుగుతున్నారట. నేను అలాగే ఉండాలని కోరుకుంటున్నది గుట్ట వైపుది, ఎందుకంటే నాకు గుర్తున్న విశాలత అదే. ఆయన ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నది కూడా ఆ గుట్ట వైపుదే, ఎందుకంటే అది అక్కరకు రావడం లేదు. మందల సంగతి అడిగితే, వేసవిలో మూడు ఊళ్ల గొర్రెలు ఆ గుట్ట పక్క నుంచే వంకలోకి దిగుతాయని, అది ఎవరైనా అడగవలసిన విషయమని ఆయనకు ఎప్పుడూ తోచలేదని చెప్పారు. వంక నీరు దిగువన ఒక కుంటలో చేరుతుంది, ఆ కుంట మాది కాదు.

ఇక్కడివారు వేలువ ఇసుకను కాపాడుకోవడం చూసి, మన దగ్గరా అలాగే చూడాలని మొదట అనుకున్నాను. ఆ పోలిక ఎక్కువ దూరం రాదని ఈ సమాధానాలు చదివాక అనిపిస్తోంది. అక్కడ ఇసుక మీద ఆధారపడి బతికే రైతు ఎవరూ మిగల్లేదు కనుకనే దాన్ని చూడటానికి ఉంచుకోగలిగారు. దర్గాహొన్నూరులో ఇసుక పడే చేను ఇవాళ్టికీ ఎవరో ఒకరి తిండి. అయినా మా గుట్ట ఇసుకమేట కాదు. అక్కడ రాళ్ల మధ్య బోదగడ్డి, బలుసు, కలివి పొదలు ఉన్నాయి. చిన్నప్పుడు కలేకాయలు కోసుకు తిన్న చోటు. వాటికి వెల కట్టమంటే నాకు చేతకాదు, నాన్నగారు నవ్వుతారు.


సమాధానం
రాసినవారు: తూముకాడి మనిషి (కదిరి)

ఇప్పుడు విషయం చేతికి అందే రూపానికి వచ్చింది. పూర్తిగా ఇవ్వడం, పూర్తిగా మానడం అనే రెండు దారులే ఉన్నాయని సంస్థవారు అనిపిస్తారు. ఒప్పందం మీద సంతకం కాకముందు అడగడానికి మాత్రం చాలా ఉంటుంది. వంకకు రెండు వైపులా కొంత వెడల్పు కంచె లోపలికి పోకుండా వదలాలని, నీటి వాలును మార్చే కట్టలు వేయకూడదని, మందల దారిని పటంలో గీసి ఒప్పందానికి జతచేయాలని కోరండి. ఫలకాలు కడగడానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మన వైపు బోరు అంటే పక్క రైతు బోరు కూడా. గడువు తీరాక పునాదులు, సిమెంటు దిమ్మెలు ఎవరు పెకలించాలన్నది చాలా పత్రాల్లో గట్టిగా ఉండదు, అది చూసుకోండి. ఊరి దగ్గరి రేగడి ముక్కను ఈ బేరంలో కలపనక్కరలేదని నా అభిప్రాయం. హంద్రీ-నీవా పథకపు నీరు 2012లో జీడిపల్లి జలాశయానికి వస్తుందని 2000లో ఎవరికైనా చెబితే నవ్వేవారు. నీరు వచ్చే అవకాశం కొద్దిగానైనా ఉన్న రేగడిని ఒక తరం పాటు కంచెలో పెట్టడం తెలివైన పని కాదు.

కుంట ఎవరిదో కనుక్కుని, వారి ఊరి పెద్దలతో నాన్నగారిని ఒకసారి మాట్లాడమనండి. వానాకాలానికి ముందే మాట్లాడితే మంచిది. కుంట నిండని ఏడాది తరువాత ఆ మాట తగాదాగా మొదలవుతుంది. ఒప్పందం ముసాయిదా చేతికి వస్తే నాకు సందేశం పంపండి, నీటి వాలుకు సంబంధించిన భాగం చదివి చెబుతాను.